నేల మీద సాధన: చెన్నైలో అడాప్టివ్ సెయిలింగ్ పోటీలకు సిద్ధం కావడం ఎలా

ఆదివారం నాడు రెండు గంటల సేపు తెరచాప పడవ నడపడానికి నేను పెరంబూరులోని మా ఇంట్లో తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తాను. కాలకృత్యాలు, స్నానం, అద్దం పట్టుకుని చర్మం పరీక్షించుకోవడం పూర్తయ్యేసరికి ఆరు దాటుతుంది. ఆటోలో వీల్‌చెయిర్ మడిచి కట్టి, రేవు గేటు దగ్గర పాసు చూపించి జెట్టీ చేరేసరికి ఏడున్నర, పడవలోకి దిగి సర్దుకునేసరికి ఎనిమిదీ పావు అవుతుంది. పదీ పావుకు ఒడ్డుకు వచ్చాక ఇదే తతంగం తలకిందులుగా సాగి, ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఎనిమిదిన్నర గంటల్లో నీటి మీద గడిచినవి రెండే.

వెన్నెముకకు డి-10 (ఛాతీ వెనక ఉండే పన్నెండు వెన్నుపూసల్లో పదోది) దగ్గర దెబ్బ తగిలి, నడుము కింద స్పర్శ లేని నాకు ఈ లెక్క బోధపడడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా గాలి గురించీ తెరచాప గురించీ చదివానే గాని, మిగిలిన ఆరున్నర గంటల గురించి ఆలోచించలేదు. చెన్నైలో ఉంటూ, శరీరంలో ఏదో ఒక వైకల్యంతో పోటీల స్థాయిలో సెయిలింగ్, అంటే అడాప్టివ్ సెయిలింగ్, చేయదలచిన తెలుగువారి కోసం ఆ ఆరున్నర గంటల గురించే ఇక్కడ రాస్తున్నాను. ముందుగా ఒక చిన్న హెచ్చరిక: ఇంట్లో చెప్పేటప్పుడు ‘పారా సెయిలింగ్’ అనే మాట వాడకండి. నేను అలా చెప్పినప్పుడు మా అత్తగారు బోటు వెనక గొడుగు కట్టుకుని ఆకాశంలో ఎగరడం అనుకుని, అనుమతి ఇచ్చినందుకు మా ఆవిడతో వారం రోజులు సరిగా మాట్లాడలేదు.

ముందుగా పడవ ఏదో తేల్చుకోండి

సెయిలింగ్ 1996 అట్లాంటా పారాలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా వచ్చి, 2000 సిడ్నీ నుంచి 2016 రియో వరకు పతకాల క్రీడగా కొనసాగి, టోక్యో క్రీడల జాబితాలో లేకుండా పోయింది. 2028 లాస్ ఏంజెలెస్‌లోనూ దానికి చోటు దక్కలేదు. కాబట్టి పారాలింపిక్ పతకమే మీ లక్ష్యమైతే మరో క్రీడను చూసుకోవడం మంచిదని మొహమాటం లేకుండా చెబుతాను. మనకు మిగిలినవి అంతర్జాతీయ చాంపియన్‌షిప్‌లు, ఆయా పడవల తరగతులకు జరిగే రెగట్టాలు (వరుస పడవ పందేలు), వికలాంగులూ ఇతరులూ కలిసి పాల్గొనే క్లబ్బు రేసులు. అవి తక్కువేమీ కాదు. పుట్టుకతోనే ఎడమ చెయ్యి లేని ఫ్రెంచి నావికుడు డామియెన్ సెగాన్ 2004లోనూ 2016లోనూ పారాలింపిక్ స్వర్ణం గెలిచి, ఆ తరువాత ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూగోళాన్ని చుట్టి వచ్చే వాందే గ్లోబ్ పందెంలో ఏడో స్థానం సాధించాడు.

పోటీలలో ఎక్కువగా వినబడే పడవలు రెండు. హాన్సా 303 పొడవు 3.03 మీటర్లు, దాని పేరు అందులో నుంచే వచ్చింది. ముందుకు చూస్తూ అడుగున కూర్చుని, కాళ్ల మధ్య ఉన్న జాయ్‌స్టిక్‌తో చుక్కానిని తిప్పాలి. కింద, నీటిలోకి దిగి ఉండే 30 కిలోల బరువున్న కీల్ పలక ఉండడం వల్ల అది తేలికగా తిరగబడదు. గాలి పెరిగితే తెరచాపను మాస్ట్ (తెరచాప కొయ్య) చుట్టూ చుట్టి దాని విస్తీర్ణం తగ్గించుకోవచ్చు. రెండోది 2.4 మీటర్ తరగతి పడవ. పేరులో 2.4 ఉన్నా దాని అసలు పొడవు నాలుగు మీటర్లు దాటుతుంది, బరువు సుమారు 260 కిలోలు, అందులో అధిక భాగం కదలని కీల్‌లోని సీసమే. హాన్సాను ట్రాలీ మీద పెట్టి నలుగురు కలిసి ర్యాంపు మీదుగా నీటిలోకి దించగలరు. 2.4కు మాత్రం క్రేన్ కావాలి, అంటే క్రేన్ నడిపే మనిషి, అతని సెలవులు, అతని భోజన విరామం కూడా మీ సాధన ప్రణాళికలో భాగమవుతాయి. అందువల్ల క్లబ్బుకు వెళ్లినప్పుడు పడవ ఉందా అని అడిగిన నోటితోనే దాన్ని నీటిలోకి ఎలా దించుతారో కూడా అడగండి. మొదటి రెండేళ్లకు హాన్సా చాలని నా అభిప్రాయం. సొంత పడవ కొనే ఆలోచనను ఆ రెండేళ్లూ పక్కన పెట్టండి.

కాగితాలు

యూడీఐడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) ఉంటే అర్హత వచ్చేసినట్టే అనుకోకండి. చట్టప్రకారం 40 శాతం వైకల్యం అనేది సంక్షేమ పథకాల కొలత. క్రీడలో జరిగే వర్గీకరణ పరీక్ష పడవలో మీ చేతులు, నడుము, చూపు ఎంత పని చేస్తాయో విడిగా కొలుస్తుంది. పారాలింపిక్స్‌లో ముగ్గురు నడిపే సోనార్ పడవ ఉన్న రోజుల్లో ఒక్కొక్కరికీ 1 నుంచి 7 వరకు పాయింట్లు ఇచ్చి, ముగ్గురి మొత్తం 14 దాటకూడదని నియమం పెట్టారు. ఎక్కువ పాయింట్లంటే తక్కువ వైకల్యం. కనుక ఎమ్మారై నివేదికలు, శస్త్రచికిత్స కాగితాలు, నిపుణుడి ధ్రువపత్రం ఇంగ్లీషులో ఒకే ఫైలులో ఉంచుకోండి. మీరు వాడే మందుల జాబితాను కూడా డాక్టరుతో కలిసి డోపింగ్ నిబంధనల దృష్టితో చూడండి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు (డైయూరెటిక్స్) నిషిద్ధ జాబితాలో ఉన్నాయి, కొన్ని రక్తపోటు మాత్రలలో అవి కలిసే ఉంటాయి.

1911లో స్థాపించిన రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ చెన్నై రేవు లోపల ఉంది. రేవుకు కాపలా కాసేది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం. లోపలికి వెళ్లే పాసు మీతో పాటు మీ సహాయకుడికీ, మిమ్మల్ని తెచ్చే వాహనానికీ ఎలా తీసుకోవాలో క్లబ్బు ద్వారా ముందే కనుక్కోండి. సహాయకుడి గుర్తింపు కార్డు ఇంట్లో మరిచిపోవడం వల్ల ఒకసారి నేను గేటు బయట గంటన్నర కూర్చుని, పడవను చూడకుండానే వెనక్కి వచ్చాను. తప్పు పూర్తిగా నాదే.

కాలాన్నీ పోటుపాట్లనూ క్యాలెండరు మీద గుర్తించుకోండి

జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎండ తీవ్రత తక్కువ, కొత్తవారికి అదే అనువైన కాలం. మార్చి నుంచి మధ్యాహ్నం వేళ సముద్రపు గాలి మొదలవుతుంది. నేల వేడెక్కి, దాని మీది గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. పోటీకి కావలసిన నికరమైన గాలి అదే గాని, అది వచ్చే వేళకు మేలో ఎండ నలభై డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇక్కడి వారు అగ్ని నక్షత్రం అని చెప్పుకునే ఆ రోజుల్లో, దాని చివర మొదలయ్యే మన రోహిణీ కార్తెలో, మెడకో ఛాతీ పై భాగానికో వెన్నుదెబ్బ తగిలిన వారు మధ్యాహ్నపు సాధన మానుకోవడమే క్షేమం, కారణం తరువాత చెబుతాను.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. 2022 నవంబరు చివర మెరీనా బీచిలో వికలాంగులు నీటి దాకా వెళ్లడానికి 263 మీటర్ల చెక్క బాట ప్రారంభించారు. రెండు వారాలు తిరగకముందే మాండూస్ తుపాను అలలకు దాని చివరి భాగం విరిగిపోయింది. మరుసటి డిసెంబరులో, బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచేసింది. అందువల్ల ఆ మూడు నెలలను నేను భుజాల వ్యాయామానికీ, నిబంధనల అధ్యయనానికీ కేటాయిస్తాను. మిగతా నెలల్లో అలలు ఎలా ఉంటాయో చూసుకోవడానికి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సముద్ర స్థితి సూచనలు బాగా పనికివస్తాయి.

పోటుపాట్ల (సముద్రపు ఆటుపోట్ల) సంగతి చాలామంది పట్టించుకోరు, నడవగలిగిన వారికి దానితో పనీ ఉండదు. చెన్నైలో అమావాస్య, పౌర్ణముల ప్రాంతంలో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం దాదాపు ఒక మీటరు తేడా వస్తుంది. కదలని రాతి గట్టు మీది నుంచి దిగవలసి వస్తే, పొద్దున చేతికి అందిన పడవ మధ్యాహ్నానికి మీటరు లోతున ఉంటుంది. నీటి మీద తేలే పాంటూన్ అయితే పడవతో పాటే దిగుతుంది గాని, గట్టు నుంచి పాంటూన్‌కు వేసిన వంతెన నిటారుగా మారుతుంది. వీల్‌చెయిర్ ర్యాంపుకు ప్రమాణం ఒకటికి పన్నెండు, అంటే మీటరు దిగాలంటే పన్నెండు మీటర్ల పొడవుండాలి. మీ వంతెన నాలుగు మీటర్లదే అయితే పాటు వేళ దాని మీద వీల్‌చెయిర్ తోయడం ప్రమాదం. అష్టమి తరువాత ఒకటి రెండు రోజులకు ఈ తేడా బాగా తగ్గుతుంది. పంచాంగం ఉన్న క్యాలెండరు తీసుకుని, అష్టమికి దగ్గరగా వచ్చే ఆదివారాలకు ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి, అవే మీ తొలి సాధన రోజులు.

పడవలోకి దిగడం

మొత్తం వ్యవహారంలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. పద్ధతులు మూడు: చేతుల బలం ఉన్నవారు పలక మీదుగా తామే జారి దిగడం, ఇద్దరు ఎత్తి దించడం, హోయిస్ట్‌కు (మనిషిని ఎత్తి దించే యంత్రానికి) కట్టిన స్లింగ్‌లో, అంటే గుడ్డ ఉయ్యాలలో, కూర్చోబెట్టి దించడం. నేను మొదటి పద్ధతి వాడతాను. వీల్‌చెయిర్ బ్రేకు వేసి, పాంటూన్ అంచుకు జరిగి, ముందు కాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో పట్టి పడవలో పెడతాను. స్పర్శ లేని పాదం ఎక్కడ ఇరుక్కున్నా తెలియదు కనుక బూట్లు తప్పనిసరి. ఆ తరువాతే తుంటిని కిందికి దించుతాను.

చిక్కు వచ్చేది సరిగ్గా అక్కడే. సగం బరువు పాంటూన్ మీద, సగం పడవ మీద ఉన్న క్షణంలో పడవ పక్కకు జరుగుతుంది. మూడో వారం మా బావమరిది ముందు తాడు ఒక్కటే పట్టుకుని ఉండగా నేను తొందరపడి దిగబోయాను. “బావా, ఆగు, తాడు జారుతోంది” అని అతను అరిచేసరికే పడవ జానెడు దూరం పోయింది. కుడి మోచెయ్యి పాంటూన్ అంచుకు తగిలించి, ఎడమ చేత్తో మాస్ట్ పట్టుకుని, కింద నల్లని రేవు నీటిని చూస్తూ వేలాడాను. ఎంతసేపో తెలియదు, అతను మాత్రం అయిదు సెకన్లే అంటాడు. అప్పటి నుంచి మా నియమాలు ఇవి: పడవ గాలికి ఎదురుగా ఉండాలి, తెరచాప చుట్టి ఉండాలి, ముందూ వెనకా రెండు తాళ్లు కట్టి ఉండాలి, ఒక మనిషి పడవను పాంటూన్‌కు అదిమి పట్టుకోవడం తప్ప మరే పనీ చేయకూడదు, ఒకటి, రెండు, మూడు లెక్క పెట్టేది దిగే మనిషే గాని సాయం చేసేవారు కాదు.

హోయిస్ట్ వాడేవారు దాని మీద రాసి ఉన్న గరిష్ఠ బరువును చూడండి, నీరు ఆగని వల గుడ్డ స్లింగ్‌నే వాడండి. కూర్చున్నాక స్లింగ్‌ను ఒంటి కింద వదిలేయకండి, దాని మడతలు చర్మాన్ని నొక్కుతాయి. ఏ పద్ధతైనా ముందు నేల మీద, పడవను పాత టైర్ల మీద కదలకుండా నిలిపి, ఎక్కడం దిగడం ఇరవై సార్లు చేయండి. మా వాళ్లకు ఇది తమాషాగా అనిపించింది గాని, ఇరవయ్యోసారికి మా సమయం పదకొండు నిమిషాల నుంచి నాలుగుకు తగ్గింది.

కూర్చునే చోటు, చర్మం

స్పర్శ లేని వారికి ఈ క్రీడలో అసలు శత్రువు బెడ్ సోర్ (ఒత్తిడి వల్ల పడే పుండు). ఒకచోట ఎడతెగని ఒత్తిడి, తడి, ఉప్పు, రాపిడి నాలుగూ పడవలో ఒకేసారి దొరుకుతాయి. ఒకనాడు సీటు కింద బిగించిన తాడు ముడి కొస, రేగిగింజంత, నా కుడి పిరుదు ఎముక కింద రెండు గంటలు ఉండిపోయింది. సాయంత్రం అద్దంలో చూస్తే రూపాయి బిళ్లంత ఎరుపు, వేలితో నొక్కినా తెల్లబడలేదు. నొక్కితే తెల్లబడని ఎరుపు అంటే లోపల దెబ్బ మొదలైందన్నమాట. ఎనిమిది వారాలు బోర్లా పడుకున్నాను, ఆ ఏటి పోటీ పోయింది.

కాబట్టి ప్రతిసారీ దిగే ముందు సీటు మొత్తాన్ని అరచేత్తో తడిమి చూడండి. నీరు పీల్చే స్పాంజి కుషన్ వద్దు, యోగా చాపలా నీరు పీల్చని ఫోమును రెండు పొరలుగా వాడండి. ఇంట్లో వాడే గాలి కుషన్ పడవ ఊగినప్పుడు జారుతుంది, పైగా మిమ్మల్ని ఎత్తులో కూర్చోబెట్టి పడవ నిలకడను తగ్గిస్తుంది. వెనక జేబులూ లావు కుట్లూ లేని నిక్కరు వేసుకోండి. నేల మీద పదిహేను నిమిషాల నుంచి అరగంటకొకసారి ఒళ్లు పైకి లేపే అలవాటును రేసు మధ్యలో పాటించలేరు కనుక, ప్రతి రేసు ముగియగానే ముందుకు బాగా వంగి రెండు నిమిషాలు ఉండండి. ఒడ్డుకు రాగానే టీ తాగే ముందే పొడి బట్టలు మార్చుకోండి.

నీరు, మూత్రం, ఎండ

రేసు ప్రారంభ సంకేతాలు ఐదు నిమిషాల ముందు నుంచి మొదలవుతాయని పుస్తకంలో ఉంటుంది. గాలి లేకపోతే రేస్ కమిటీ ఎరుపు తెలుపు చారల జెండా ఎగరేసి, మిమ్మల్ని నీటి మీదే గంటల తరబడి నిలబెట్టగలదు. కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వాడేవారు సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మూత్రాశయం ఖాళీ చేసుకుంటారు. కాబట్టి పడవలోకి దిగే ముందు నిమిషంలో ఆ పని పూర్తి చేసుకుని, నాలుగు గంటలు దాటే రోజున కాలికి యూరిన్ బ్యాగ్ కట్టుకుని దిగండి. బ్యాగ్ గొట్టం మడత పడలేదని సహాయకుడు చూసి చెప్పాలి. మరుగుదొడ్డి భయంతో నీళ్లు తాగడం మానేయడం మనలో చాలామంది చేసే పొరపాటు. అది వడదెబ్బకూ మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కూ దారి తీస్తుంది.

వెన్నుదెబ్బ పైభాగంలో ఉన్నవారికి దెబ్బ కింది శరీరంలో చెమట పట్టదు, కాబట్టి ఒంటి వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. తడి కండువా, నీళ్లు చిమ్మే సీసా, ఐసు డబ్బా వారికి పడవ సామానులో భాగం. డి-6, అంతకు పైన దెబ్బ ఉన్నవారికి మరో ముప్పు ఉంది. నిండిన మూత్రాశయం, బిగిసిన బెల్టు వంటి చిన్న కారణానికే రక్తపోటు అమాంతం పెరిగి, తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడడం కనిపిస్తాయి. అప్పుడు మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, బెల్టులు వదులు చేసి, మూత్రం ఆగిన కారణాన్ని వెంటనే తొలగించాలి. తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకుపోవాలి. రెస్క్యూ బోటు నడిపే మనిషికి ఈ సంగతి తమిళంలో రాసి ఇవ్వండి. మీకు తెలిసినంత మాత్రాన సరిపోదు, ఆ వేళకు మీరు మాట్లాడలేకపోవచ్చు.

మునిగితే

దుకాణంలో తేలికగా దొరికే 50 న్యూటన్ల (ఇది తేల్చే శక్తికి కొలత) జాకెట్ ఈత వచ్చిన వారిని తేలేలా చేస్తుందే గాని, బోర్లా పడిన మనిషిని వెల్లకిలా తిప్పదు. తిప్పే శక్తి 100, 150 న్యూటన్ల లైఫ్ జాకెట్లకు ఉంటుంది. కాళ్లలో కండ తగ్గినవారికి కాళ్లు పైకి తేలి ముఖం నీటిలోకి వాలే అవకాశం ఉంది కాబట్టి, మీ జాకెట్‌ను ముందు ఈతకొలనులో, పక్కన ఇద్దరిని పెట్టుకుని పరీక్షించండి. నడుముకో ఛాతీకో బెల్టు తప్పనిసరైతే అది ఒక్క చేత్తో, ఒక్క లాగుడుతో ఊడాలి.

మనుషులు

కనీసం ముగ్గురు కావాలి: పడవ పట్టుకునే వారు ఒకరు, మీతో పాటు కదిలే వారు ఒకరు, రెస్క్యూ బోటులో ఒకరు. ముగ్గురూ చుట్టాలే అయితే పెళ్లిళ్ల నెలలో మీ సాధన ఆగిపోతుంది, ఇది అనుభవం మీద చెబుతున్నాను. కాబట్టి కనీసం ఒకరినైనా క్లబ్బులోని వారిలో నుంచి వెతుక్కోండి, రాకపోకల ఖర్చు ఇవ్వండి. రేసులో ఉండగా, అనారోగ్యం, గాయం, ప్రమాదం వంటి సందర్భాలలో తప్ప, బయటి నుంచి సాయం తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. మీ సహాయకుడు తప్పు చేసినా శిక్ష మీ పడవకు పడవచ్చు. అందుకే సీటు సర్దుబాటు, తాళ్లకు రంగుల గుర్తులు, నీళ్ల సీసా అందే దూరం, ఇవన్నీ ప్రారంభ సంకేతాలు మొదలు కాకముందే ముగియాలి.

ఊరు దాటినప్పుడు

పోటీ హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో అయితే రైలులో రాత్రంతా ప్రయాణం. రైల్వే ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు ఉంటే స్లీపర్‌లోనూ మూడో ఏసీలోనూ మీకూ, మీ సహాయకుడికీ 75 శాతం రాయితీ వస్తుంది. విమానంలో వెళితే 48 గంటల ముందు తెలియజేయండి. కరెంటు వీల్‌చెయిర్ లిథియం బ్యాటరీ మీద వాట్-అవర్ల అంకె చెరిగిపోకుండా చూసుకోండి, తనిఖీలో మొదట అడిగేది దానినే. కుషన్‌ను సామానులో వేయకుండా చేతిలోనే ఉంచుకోండి. పోటీకి ఒక రోజు ముందే చేరి, అక్కడి జెట్టీ ఎత్తును టేపుతో కొలిచి, ఎక్కడం దిగడం అయిదు సార్లు చేసి చూడండి.

ఇంటికి వచ్చాక

ఒళ్లు అలిసిపోయి ఉన్నా వీల్‌చెయిర్‌ను ఆ రాత్రికి అలా వదిలేయకండి. రెండు బకెట్ల మంచినీళ్లతో కడిగి, ముందు చిన్న చక్రాలను పైకెత్తి చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఇసుక నలిగిన చప్పుడు వస్తే బేరింగులోకి ఉప్పు దిగినట్టు. విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి, తెల్లవారేలోగా మళ్లీ బిగించండి. సోమవారం ఆఫీసుకు వెళ్లవలసింది కూడా ఆ చక్రాల మీదనే.